ఓపెన్ రిలేషన్‌షిప్‌లో ఉన్న జంట కౌన్సెలింగ్‌కి వస్తే ఏది పట్టించుకోవాలి, ఏది వదిలేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. హైదరాబాద్‌లో కౌన్సెలర్‌గా మీరు పని మొదలుపెట్టి రెండేళ్లయింది. పెళ్లయి ఏడేళ్లయిన జంట ఒకటి మీ దగ్గరికి వస్తోంది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకునే బయట వేరే సంబంధాల్లో ఉన్నారు. ఆవిడకి ఏడాదిగా ఒక స్థిరమైన స్నేహితుడు, ఆయనకి అప్పుడప్పుడు డేటింగ్ యాప్‌లో పరిచయాలు. వాళ్లు మీ దగ్గర పెట్టిన ఫిర్యాదులు మాత్రం వేరు: ఆయనకి నిద్ర పట్టట్లేదు, ప్రతి ఆదివారం గొడవ అవుతోంది, అత్తగారు వచ్చి ఉన్న రోజుల్లో ఇంట్లో ఊపిరాడట్లేదు. "అసలు రోగం ఆ ఏర్పాటే కదా, దాన్ని వదిలేసి నిద్ర గురించి మాట్లాడటం పైపై వైద్యం కాదా? ఆ మూడో మనిషిని కూడా పిలవాలా?" అని మీ సందేహం.

సూటిగా చెప్తాను. ఆ ఏర్పాటు రోగం కాదు. వాళ్లు ఏ ఇబ్బందితో వచ్చారో దాని మీదే పని చేయండి. కానీ మొదటి మూడు నాలుగు సెషన్లలో ఒక్క విషయం మాత్రం తేల్చుకోకుండా ముందుకి పోకండి: ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా, ఆ ఒప్పుకోలు ఈరోజుకీ ఉందా. ఆ మూడో మనిషిని ఇప్పుడే పిలవక్కర్లేదు. ఎప్పుడు పిలవచ్చో కింద రాశాను.

రోగం కాదని ఎందుకు అంటున్నానంటే, డాక్టర్లు వాడే రోగాల జాబితాలు ఐసీడీ-11లో గానీ డీఎస్ఎం-5లో గానీ దీనికి రోగ నిర్ధారణ అంటూ ఏదీ లేదు. మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 అయితే ఇంకా స్పష్టంగా ఉంది. సమాజంలో చెల్లుబాటయ్యే నైతిక, సాంస్కృతిక విలువలకో మత విశ్వాసాలకో భిన్నంగా బతుకుతున్నాడన్న కారణంతో ఎవరికీ మానసిక వ్యాధి అంటగట్టకూడదని సెక్షన్ 3 చెప్తుంది. పరిశోధన వైపు చూస్తే, 2015లో రూబెల్, బొగార్ట్ అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి సమీక్షించారు. మానసిక ఆరోగ్యంలో, సంబంధం పట్ల సంతృప్తిలో ఈ జంటలకీ మామూలు జంటలకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2017లో హాపర్ట్ బృందం అమెరికాలో పెళ్లికాని, విడిపోయిన వయోజనుల మీద చేసిన రెండు సర్వేల్లో, ఐదుగురిలో ఒకరికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకసారి పరస్పర అంగీకారంతో ఇలాంటి సంబంధంలో ఉన్నామన్నారు. ఇవన్నీ ఎక్కువగా ఉత్తర అమెరికా లెక్కలు. ఉమ్మడి కుటుంబం, కులం, అద్దె ఇల్లు ఇచ్చే ఓనరు లాంటివి ఆ లెక్కల్లోకి రావు. కాబట్టి క్లయింట్ ముందు వీటిని రుజువుల్లా పరచకండి. మీ భయం తగ్గడానికి మాత్రం వాడుకోండి.

థెరపీలో ఇలాంటి క్లయింట్లకి ఏది మేలు చేసింది, ఏది గాయపరిచింది అన్న దాని మీద షెకింగర్, మూర్స్ తదితరులు 2018లో చేసిన అధ్యయనం ఉంది. గాయపరిచినవాటిలో పైన కనిపించేవి: తీర్పులు చెప్పడం, ఈ సంబంధాన్నే రోగంగా చూడటం, థెరపిస్టుకి కనీస పరిజ్ఞానం లేకపోవడం. ఆ మూడోది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మీకు పాఠం చెప్పడానికి క్లయింట్ గంటకి డబ్బు కట్టకూడదు కదా.

తీర్పు ఎక్కడ దూరుతుందో పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ప్రశ్న నోటి దాకా వచ్చినప్పుడు, మామూలు పెళ్లి చేసుకున్న జంట ఇదే ఇబ్బంది చెప్తే ఇదే ప్రశ్న అడుగుతానా అని చూసుకోండి. నిద్ర పట్టట్లేదని వచ్చిన మామూలు భర్తని "మీకు పెళ్లి అవసరమా?" అని అడగరు. రాత్రి ఎన్నింటికి పడుకుంటారు, మధ్యాహ్నం ఎన్ని కాఫీలు, ఫోన్ మంచం మీదే ఉంటుందా అని అడుగుతారు. ఇక్కడా అవే అడగండి. దీనికి రెండో వైపు కూడా ఉంది. మామూలు జంటలో భర్త నెల జీతమంతా తన దగ్గరే పెట్టుకుని భార్యకి లెక్క చెప్పకపోతే మీరు ఆగి అడుగుతారు. వీళ్లది ఆధునికమైన ఏర్పాటు కదా అని ఇక్కడ ఆ ప్రశ్న మింగేయకండి. తల ఊపుతూ కూర్చోవడాన్ని సమర్థన అనుకునేవాళ్లని చాలామందిని చూస్తున్నాం.

మొదటి సెషన్ కంటే ముందు చేయాల్సింది కాగితం పని. జంటలో ఎవరు మీ క్లయింట్, విడిగా చెప్పిన రహస్యాన్ని ఏం చేస్తారు, ఈ రెండూ సంతకం పెట్టే ఫారంలో ఉండాలి. రహస్యాల విషయంలో మూడు పద్ధతులు ఉన్నాయి. ఏదీ దాచను అనేది ఒకటి. అలా అంటే విడి సెషన్‌లో ఎవరూ నిజం చెప్పరు. అన్నీ దాస్తాను అనేది రెండోది. కొన్నాళ్లకి మీరే ఒకరి వైపు కుట్రలో భాగమవుతారు. నేను సిఫారసు చేసేది మధ్యస్థం. ఫారంలో ఇలా రాయండి: "విడి సెషన్‌లో మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా రెండో వారికి చెప్పను. అయితే ఆ విషయం మన ఉమ్మడి పనికి అడ్డం వస్తోందని నాకు అనిపిస్తే, దాన్ని మీరే బయటపెట్టడానికి రెండు మూడు వారాల సమయం, సాయం ఇస్తాను. అప్పటికీ చెప్పకపోతే, కారణం చెప్పకుండా జంట సెషన్లు ఆపేసి వేరే చోటికి పంపిస్తాను." అలాగే సెషన్ల మధ్యలో ఒక్కరే వాట్సాప్‌లో పెట్టే పొడవాటి మెసేజీలకి జవాబివ్వనని, దాన్ని సెషన్‌లోకి తీసుకురమ్మంటానని ముందే చెప్పండి. లేకపోతే ఆదివారం రాత్రి పదకొండింటికి మీ ఫోన్ మోగుతుంది.

నోట్సు జాగ్రత్త. ఫ్యామిలీ కోర్టుల చట్టం, 1984 సెక్షన్ 14 ప్రకారం, వివాదం తేల్చడానికి పనికొస్తుందనుకుంటే మామూలుగా సాక్ష్యంగా చెల్లని కాగితాన్ని కూడా కోర్టు స్వీకరించవచ్చు. ఇలాంటి జంట రేపు విడిపోతే మీ నోట్సే మొదట అడుగుతారు. మూడో వ్యక్తి పేరు, ఉద్యోగం, ఫోన్ నంబర్ రాయకండి. ఒక అక్షరం చాలు. శృంగార వివరాలు చికిత్సకి నేరుగా అవసరమైతే తప్ప రాయకండి. ప్రమాద అంచనా, లక్ష్యం, ఇచ్చిన హోంవర్కు, వచ్చే తేదీ ఉంటే నోట్సు నిండినట్టే.

సెషన్ల వరుస ఇలా పెట్టుకోండి: మొదటిది ఇద్దరితో కలిపి 75 నుంచి 90 నిమిషాలు, తర్వాత ఒక్కొక్కరితో విడిగా 50 నిమిషాలు, ఆ తర్వాత మళ్లీ కలిపి. విడి సెషన్‌కి రెండోవాళ్లు బయట వెయిటింగ్ రూములో కూర్చోకూడదు, వేరే రోజు పెట్టండి. ఆన్‌లైన్ అయితే ఇయర్‌ఫోన్ పెట్టుకోమని, గదిలో ఇంకెవరూ లేరని కెమెరా తిప్పి చూపించమని అడగండి. ఒప్పుకోలు నిజమో కాదో బయటపడేది ఈ విడి సెషన్లలోనే.

అక్కడ అడగాల్సినవి ఇవి. ఈ ఆలోచన ముందు ఎవరిది? అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోంది, అంటే కాన్పు అయి ఎన్నాళ్లయింది, ఉద్యోగం పోయిందా, అంతకుముందే ఒక సంబంధం బయటపడిందా? మీరు "వద్దు" అన్నది ఆఖరిసారి ఎప్పుడు, అప్పుడు ఏమైంది? ఒక నియమం మారిన సందర్భం చెప్పండి, ఎవరు మార్చారు? రేపు పొద్దున మీరు "ఇక ఆపేద్దాం" అంటే మీ ఇల్లు, డబ్బు, పిల్లలు, వీసా ఏమవుతాయి?

ఈ జవాబుల్ని నేను మూడు రకాలుగా విడదీస్తాను. మొదటిది ఇద్దరికీ ఇష్టమే. రెండోది, ఒకరికి ఇష్టం, ఇంకొకరు ఆలోచించి రాజీపడ్డారు. "నాకు ఇది మొదటి ఎంపిక కాదు, కానీ ఆయనతో ఉండటం నాకు ముఖ్యం, నా షరతులు నిలబడుతున్నాయి" అనే మనిషి బాధితురాలు కాదు. ప్రతి పెళ్లిలోనూ ఇలాంటి రాజీలు ఉంటాయి. ఆ షరతులు నిజంగా నిలబడుతున్నాయో లేదో నెల నెలా చూస్తుంటే సరిపోతుంది. మూడోది బలవంతం. "ఒప్పుకోకపోతే విడాకులు", "ఒప్పుకోకపోతే మీ నాన్నకి ఆ ఫొటోలు పంపుతా", అమెరికాలో హెచ్-4 మీద (భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడే వీసా) ఉన్న భార్యకి "ఒప్పుకోకపోతే ఇండియా ఫ్లైట్ ఎక్కు" అనడం ఈ కోవలోకి వస్తాయి. దొరికిపోయిన సంబంధానికి తర్వాత 'ఓపెన్' అని పేరు పెట్టి రెండోవాళ్లని సంతకం పెట్టమనడం కూడా చాలాసార్లు ఇందులోకే వస్తుంది.

మన దగ్గర దీన్ని ఇంకో పాత అలవాటుతో కలిపేసే ప్రమాదం ఉంది. ఊళ్లో అందరికీ తెలిసిన చిన్నిల్లు, భార్యకీ తెలుసు, ఇరవై ఏళ్లుగా నోరు మెదపలేదు. తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరు. పుట్టింటికి పోలేక, చేతిలో డబ్బు లేక ఊరుకున్న మనిషి మౌనాన్ని అంగీకారంగా రాసుకోకండి. ఆ భర్త మీ దగ్గరికి వచ్చి "మాది ఓపెన్ మ్యారేజీ అండి" అనొచ్చు. ఆ నియమం ఆవిడకి కూడా వర్తిస్తుందా అని అడగండి. ఆవిడ వేరే సంబంధం కోరుకోకపోవచ్చు, అది ఆవిడ ఇష్టం. కానీ ఆ ప్రశ్నకి ఆయన ముఖం మారిన తీరు మీకు చాలా చెప్తుంది.

మూడో రకమని తేలితే జంట సెషన్లు ఆపండి. హింస ఉన్నచోట ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెడితే, అక్కడ చెప్పిన మాటకి ఇంటికెళ్లాక దెబ్బలు పడతాయి. విడిగా భద్రతా ప్రణాళిక వేయండి: ఎవరికి ఫోన్ చేయాలి, కాగితాలు ఎక్కడ ఉన్నాయి, చేతిలో ఎంత డబ్బు ఉంది. మహిళా హెల్ప్‌లైన్ 181, హింసకి గురైన మహిళలకి సాయం చేసే సఖి కేంద్రాలు, అత్యవసరమైతే 112. గృహహింస చట్టం, 2005 కింద మాటలతో హింసించడం, డబ్బు ఆపేయడం, లైంగిక బలవంతం కూడా హింసే. ఇక్కడ మీరు తటస్థంగా ఉండక్కర్లేదు.

మొదటి రెండు రకాలైతే అసలు పని మొదలవుతుంది. ఆ పనిలో సగానికి పైగా ఒప్పందాల మరమ్మతు. జంటలన్నీ "మాకు రూల్స్ ఉన్నాయండీ" అంటూ వస్తారు. ఇద్దర్నీ విడివిడి కాగితాల మీద ఆ రూల్స్ రాయమనండి, పది నిమిషాలు ఇవ్వండి. రెండు కాగితాలూ ఒకేలా ఉండటం అరుదు. గొడవలు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఆ తేడాల్లోనే దొరుకుతుంది.

ఎక్కువగా కనిపించే రూలు "ప్రేమలో పడకూడదు". ఇది నిలబడదు. భావాన్ని ఆపుతానని మాట ఇవ్వడం ఎవరి వల్లా కాదు, ఇచ్చినవాళ్లు ఆ భావం వచ్చినప్పుడు దాచిపెడతారు. దాచడం మొదలయ్యాక మిగతా రూల్స్ కూడా కదులుతాయి. దాన్ని చేతల్లోకి మార్పించండి: వారంలో ఎన్ని సాయంత్రాలు, నెలలో ఎన్ని రాత్రులు బయట, ఇద్దరూ కలిసి ఉన్న సమయంలో ఫోన్‌లో ఎంతసేపు, ఏ ఖర్చు ఉమ్మడి అకౌంట్ నుంచి, ఏది సొంత డబ్బుతో. "ఎక్కువ టైం ఇస్తున్నావు" అన్న మాటకి అంతు ఉండదు. "ఈ నెల నాలుగు రాత్రులు అనుకున్నాం, ఆరు అయ్యాయి" అంటే మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి చేతికి దొరుకుతుంది.

రెండో సమస్య వీటో. "నేను చెప్తే ఆ సంబంధం అక్కడితో ఆపేయాలి" అన్న అధికారం. మొదట్లో ధైర్యాన్నిస్తుంది కాబట్టి అడుగుతారు. ఏడాది గడిచి అవతలి మనిషితో అనుబంధం పెరిగాక దాన్ని వాడితే, ఆపేసిన కోపం దంపతుల మధ్యే మిగిలిపోతుంది. పూర్తి వీటోకి బదులు 'విరామం' అడిగే హక్కు పెట్టుకోమనండి: ఎవరైనా రెండు వారాల విరామం అడగొచ్చు, ఆ లోపల ఇద్దరూ కూర్చుని మాట్లాడాలి, విరామం గురించి అవతలి మనిషికి గౌరవంగా చెప్పాలి.

మూడోది సమాచారం. ఎవరికి ఎంత తెలియాలి? కొందరికి ముందే చెప్పాలి, కొందరికి వచ్చాక చెప్తే చాలు, వివరాలు వద్దు. ఇద్దరి ఇష్టాలూ వేరైతే, ఎక్కువ తెలుసుకోవాలనుకునేవాళ్లు అడగాలి, తక్కువ కోరుకునేవాళ్ల మీద వివరాలు కుమ్మరించకూడదు. "అడగొద్దు, చెప్పొద్దు" పద్ధతి మన దగ్గర బాగా ఇష్టపడతారు, ఇంటి గుట్టు బయటపడదు కదా అని. దీని మీద నాకు నమ్మకం తక్కువ. కారణాలు చాలా మామూలువి. కండోమ్ చిరిగిన రోజు చెప్పాలి కదా, చెప్తే పద్ధతి పోయింది. పైగా గేటెడ్ కమ్యూనిటీలో విజిటర్ యాప్ నోటిఫికేషన్ ఇంట్లో అందరి ఫోన్లకీ వస్తుంది.

ఆరోగ్యం గురించి సిగ్గుపడకుండా, సూటిగా మాట్లాడండి. బయటి భాగస్వాములందరితో కండోమ్, కొత్త పరిచయాలు ఉన్నప్పుడు మూడు నెలలకోసారి హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్ష, వాళ్ల అలవాట్లని బట్టి గనేరియా, క్లమీడియా. ప్రభుత్వ ఆస్పత్రుల్లోని ఐసీటీసీల్లో (కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాలు) హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలకి హెల్ప్‌లైన్ 1097. విండో పీరియడ్, అంటే వైరస్ సోకినా పరీక్షలో ఇంకా కనబడని రోజులు, చెప్పకుండా వదలకండి. నిన్న రాత్రి భయానికి ఈరోజు పరీక్ష చేయించుకుని నెగెటివ్ చూసి ఊపిరి పీల్చుకునేవాళ్లే ఎక్కువ. నాలుగో తరం ల్యాబ్ పరీక్షకి (యాంటీజెన్, యాంటీబాడీ రెండూ చూసేది) 45 రోజులు, యాంటీబాడీ ర్యాపిడ్ పరీక్షకి మూడు నెలలు గడిచాకే నెగెటివ్‌ని నమ్మాలి. ప్రమాదం జరిగిందనిపిస్తే 72 గంటల్లోపు పీఈపీ (హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మందులు) మొదలుపెట్టాలి, మందులు 28 రోజులు వాడాలి, ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు, 0, 1, 6 నెలలకి. హెచ్‌పీవీ టీకా గురించి డాక్టర్‌ని అడగమనండి. ఒకరికి హెచ్‌ఐవీ అని తేలి, భాగస్వామికి చెప్పనంటే మీరే గబగబా ఫోన్ చేయకండి. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం, 2017లో దానికి వరుస ఉంది: భాగస్వామికి గణనీయమైన ప్రమాదం ఉండాలి, చెప్పమని క్లయింట్‌కి కౌన్సెలింగ్ చేసి ఉండాలి, వాళ్లు చెప్పరని మీకు తేలి ఉండాలి, మీరు చెప్పబోతున్నట్టు వాళ్లకి తెలియజేయాలి. చెప్పేటప్పుడు కూడా ఎదురుగా కూర్చోబెట్టి, కౌన్సెలింగ్‌తో చెప్పాలి.

ఒప్పందాన్ని సమీక్షించుకునే తేదీ ముందే పెట్టండి. మొదటి ఆరు నెలలు నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి. గొడవ జరిగిన రాత్రి సమీక్ష వద్దు. ఇంకో చిన్న మాట: కొత్త సంబంధం మొదలైన ఊపులో ఇల్లు మారడం, పిల్లల్ని కనడం, ఉద్యోగం మానడం లాంటి నిర్ణయాలు కనీసం ఆరు నెలలు వాయిదా వేయమనండి. ఆ మత్తు దానంతటదే తగ్గుతుంది. అందుకు వాళ్లని తప్పుపట్టక్కర్లేదు.

ఇక అసూయ. రెండు తప్పులు జరుగుతాయి. అసూయ వచ్చింది కాబట్టి ఈ ఏర్పాటు మీకు పడదు అనడం ఒకటి. అసూయ అనేది వెనకబాటుతనం, భాగస్వామి సంతోషం చూసి మీరూ సంతోషించాలి అని ఒత్తిడి పెట్టడం రెండోది. రెండోది ఇలాంటి సంబంధాల్లో ఉన్నవాళ్ల సమూహాల్లోనే ఎక్కువ వినబడుతుంది, దాంతో క్లయింట్ తన బాధని మీ దగ్గర కూడా ఒప్పుకోడు. అసూయని ముక్కలు చేయించండి. వదిలేస్తుందన్న భయమా? నాకంటే వాడు బాగున్నాడన్న పోలికా? పండక్కి ఒంటరిగా మిగిలిపోయానన్న దిగులా? సమయం పంపకంలో అన్యాయమా? లేక నిజంగానే ఒక మాట తప్పడం జరిగిందా? ఒక్కోదానికి మందు వేరు. భయానికి భరోసా కావాలి. అన్యాయానికి క్యాలెండర్ కావాలి. మాట తప్పితే క్షమాపణ, దిద్దుబాటు కావాలి, శ్వాస వ్యాయామాలు కాదు.

మీ జంట విషయంలో నేనైతే రెండు వారాల డైరీ ఇస్తాను. ఆయన రాయాల్సినవి: పడుకున్న టైము, నిద్ర పట్టిన టైము, లేచిన టైము, ఆ రాత్రి ఆవిడ ఎక్కడ ఉంది, పడుకునే ముందు ఒంట్లో ఆందోళన సున్నా నుంచి పదిలో ఎంత. గొడవలు ఆదివారమే ఎందుకు? శనివారం రాత్రి ఆవిడ బయటికెళ్లి ఒంటిగంటకి వస్తోందా, ఆయన అప్పటిదాకా మేలుకుని ఉంటున్నాడా, పొద్దున్నే ఇద్దరూ నిద్ర చాలక ఉన్నప్పుడు "ఎలా జరిగింది" అన్న మాట మొదలవుతోందా? డైరీలో ఇలా తేలితే చేయాల్సింది చిన్నదే. పదకొండింటికి "క్షేమంగా ఉన్నా, ఇన్నింటికి వస్తా" అని ఒక్క మెసేజ్. ఆయన ఎదురుచూడకుండా పడుకోవడం, ఎంత రాత్రైనా ఉదయం రోజూ ఒకే టైముకి లేవడం. మాట్లాడుకోవడం ఆదివారం సాయంత్రానికి, ఇరవై నిమిషాలు, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాకుండా. ఆందోళన ఎనిమిది నుంచి నాలుగుకి దిగితే మంచి ఫలితం, సున్నా కోసం చూడకండి. డైరీలో శనివారాలకీ నిద్రకీ సంబంధమే లేదని తేలితే, అంటే అత్తగారు ఉన్నప్పుడో ఆఫీసు డెడ్‌లైన్ అప్పుడో నిద్ర చెడుతోందని తేలితే, ఆ ఏర్పాటే రోగమన్న మీ అనుమానం కూడా తీరిపోతుంది.

అత్తగారి విషయం నిజంగా గట్టిదే, ఎందుకంటే అక్కడ ఇద్దరూ నటించాలి. పెద్దవాళ్లు ఇంట్లో ఉన్న రోజులకి వేరే ఒప్పందం రాయించండి: ఆ వారాల్లో బయటి రాత్రులు ఉంటాయా లేదా, ఫోన్‌లో బయటి మనిషి పేరు ఏమని సేవ్ చేసి ఉంది, ఎవరైనా అడిగితే ఇద్దరూ ఒకే మాట ఏం చెప్తారు. ఎవరికి చెప్పాలి, చెప్పకూడదు అన్నది వాళ్ల నిర్ణయం. నిజాయితీ పేరుతో కుటుంబానికి చెప్పేయమని మీరు ఎప్పుడూ తోయకండి. మన దగ్గర అది బయటపడితే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు నుంచి ఊళ్లో అమ్మానాన్నల పరువు దాకా పోతుంది, కొన్నిసార్లు ప్రాణం మీదికీ వస్తుంది. పిల్లలుంటే ఒకటే నియమం: పిల్లల చేత గుట్టు దాయించకూడదు. "అంకుల్ వచ్చిన సంగతి నానమ్మకి చెప్పకు" అన్న మాట ఇంట్లో వినబడకూడదు. అలా చెప్పాల్సి వస్తే ఆ మనిషి ఇంటికి రాకూడదు.

చట్టం గురించి మీరు లాయర్ కాకపోయినా కొంత తెలిసి ఉండాలి. 2018 సెప్టెంబర్ 27న జోసెఫ్ షైన్ కేసులో సుప్రీంకోర్టు ఐపీసీ 497ని కొట్టేసింది కాబట్టి వివాహేతర సంబంధం నేరం కాదు. కానీ హిందూ వివాహ చట్టం సెక్షన్ 13 కింద విడాకులకి అది ఇప్పటికీ కారణమే. అదే చట్టం సెక్షన్ 23 ప్రకారం, ఆ సంబంధానికి తానే సహకరించిన, లేదా క్షమించేసిన భర్తకో భార్యకో ఆ కారణంతో విడాకులు అడగడం కష్టమవుతుంది. రాసుకున్న ఒప్పందం ఎవరి చేతిలో ఎలా పనికొస్తుందో చెప్పలేం అన్నమాట. ఒప్పందం మాటల్లో ఉంచుకోవాలా, రాసుకోవాలా అన్నది వాళ్లు ఒక లాయర్‌ని అడిగి తేల్చుకోవాలి. మొదటి పెళ్లి ఉండగా రెండో పెళ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద నేరం, గుళ్లో దండలు మార్చుకోవడాన్ని ఆటగా తీసుకోకూడదు. చేసుకునే ఉద్దేశం లేకుండా పెళ్లి చేసుకుంటానని నమ్మించి సంబంధం పెట్టుకుంటే అదే సంహిత సెక్షన్ 69 కింద నేరం. పెళ్లైన మగవాళ్లు బయట పెళ్లికాని అమ్మాయికి ఏం చెప్తున్నారో అందుకే అడగాలి.

ఆ మూడో మనిషి సంగతి. పిలవాల్సిన సందర్భాలు కొన్నే: ముగ్గురి మధ్య సమయం పంచుకోవడం, ఒకే ఇంట్లో ఉండాలనుకోవడం, విరామమో విడిపోవడమో గౌరవంగా జరగాల్సి రావడం. పిలిచేముందు ముగ్గురూ ఒప్పుకోవాలి. అతను అతిథా క్లయింటా అన్నది కాగితం మీద తేలాలి. ముందు అతనితో విడిగా ఒక పరిచయ సెషన్ ఉండాలి. దంపతులు ముందే నిర్ణయం తీసేసుకుని అతనికి చెప్పడానికి మీ గదిని వాడుకోనివ్వకండి. ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: అతను పెళ్లైనవాడా, అతని భార్యకి తెలుసా? తెలియకపోతే, మీ క్లయింట్ల మధ్య అంగీకారం ఉన్నా ఆ ఇంట్లో జరుగుతున్నది మోసమే. ఆవిడకి చెప్పే హక్కు మీకు లేదు, గోప్యత అడ్డం. కానీ మీ క్లయింట్‌తో ఆ విషయం మాట్లాడకుండా తప్పించుకోకండి. ఆరోగ్య ప్రమాదం ఎవరి మీద పడుతోంది, దొరికితే ఎవరి పేరు బయటికొస్తుంది, తన విలువలకి ఇది సరిపోతోందా అన్నవి న్యాయమైన ప్రశ్నలే.

అమెరికాలో ఉన్న తెలుగు జంటలు ఇక్కడి కౌన్సెలర్లని ఆన్‌లైన్లో వెతుక్కోవడం మామూలైంది. అక్కడ క్లయింట్ కూర్చున్న రాష్ట్రంలో లైసెన్సు ఉండాలన్నది సాధారణ నియమం. లేకుండా థెరపీ మొదలుపెట్టకండి.

చివరిగా, మీకు ఇది మనసొప్పకపోతే? ఒప్పుకోకపోవడం నేరం కాదు, కానీ దాచుకుని పని చేయడం క్లయింట్‌కి హాని. సూపర్‌విజన్‌లో, అంటే మీ పనిని చూసే సీనియర్ కౌన్సెలర్‌తో, రెండు మూడు సార్లు మాట్లాడాక కూడా సెషన్‌కి ముందు కడుపులో తిప్పుతుంటే పంపించేయండి, నాలుగో సెషన్ దాటనివ్వకండి. ఆ పంపడం కూడా మీ వైపు నుంచి చెప్పండి: "మీ సమస్యలో నాకంటే బాగా సాయం చేయగలిగినవాళ్లు ఉన్నారు, ఈ రంగంలో నా శిక్షణ చాలదు." "మీ జీవన విధానం నాకు కొత్త" అని మాత్రం అనకండి, తప్పు వాళ్లదైనట్టు వినబడుతుంది. పంపేముందు ఆ కొత్త కౌన్సెలర్‌కి పేర్లు చెప్పకుండా ఫోన్ చేసి, పరస్పర అంగీకారంతో బయట భాగస్వాములున్న జంటతో పని చేస్తారా, ఫీజు ఎంత, తెలుగులో సెషన్ కుదురుతుందా అని కనుక్కోండి. ఇంకో గుమ్మం దగ్గర వాళ్లు మళ్లీ మొదటి నుంచి తీర్పు చెప్పే ముఖం చూడాల్సిన అవసరం ఉండదు.